కైశిక ద్వాదశి బోధించే నాదోపాసన

నిత్యకల్యాణం, పచ్చతోరణంగా విలసిల్లే తిరుమల క్షేత్రంలో ఉత్సవాలకు కొదవ లేదు. బ్రహ్మోత్సవాలలో వాహనసేవలు, రథసప్తమినాడు సూర్యప్రభతో మొదలై చంద్రప్రభతో ముగిసే ఏడు వాహనాలు, సాయంసంధ్యలో సహస్ర దీపాలంకరణ సేవ – వీటన్నింటిలోను స్వామి వెలుగుల నడుమ భక్తులకు దర్శనమిస్తాడు. కాని ఒక ఊరేగింపు మాత్రం సూర్యోదయానికి ముందే ముగుస్తుంది. కార్తిక శుద్ధ ద్వాదశినాడు, తూర్పు తెల్లవారక మునుపే, శ్రీదేవీ భూదేవీ సమేతుడైన ఉగ్ర శ్రీనివాసమూర్తి నాలుగు మాడవీధులలో ఊరేగి, తొలి కిరణం సోకక ముందే ఆలయంలోకి తిరిగి వేంచేస్తాడు. అదే కైశిక ద్వాదశి.

ఆనాడు ఆలయంలో ఆస్థానం జరిపి కైశిక పురాణం పఠిస్తారు. ఆ పురాణం ఒక గాయకుని కథ. రాత్రివేళ అడవిదారిన ఒంటరిగా నడచి, తెల్లవారకముందు స్వామి సన్నిధిలో పాట పాడి, ఆ పాటతో ఒక ప్రాణిని ఉద్ధరించిన భాగవతుని కథ. ఊరేగింపు జరిగేది చీకటిలో. చదివే పురాణం చీకటిలో పాడిన పాటను గురించి. ఈ రెండూ ఒకే తిథినాడు కలసి రావటంలో భక్తులు ఆలోచించదగిన బోధ కలదు. ఆలయంలో చీకటికి, నాదానికి గల చోటు ఏది? ఆ రెండూ కలిగించే తన్మయత్వం ఎవరి కొరకు? ఈ రెండు ప్రశ్నలకు కైశిక ద్వాదశి సమాధానం చెబుతున్నది.

ఉగ్ర శ్రీనివాసమూర్తి

తిరుమలలో అర్చన వైఖానస ఆగమాన్ని అనుసరించి జరుగుతున్నది. ఆ విధానంలో ఒకే భగవంతుడు ఐదు బేరాలుగా సేవలందుకొంటాడు. ఆనందనిలయంలో నిలచి ఉన్న మూలవిరాట్టు ధ్రువబేరం. పల్లవరాణి సామవాయి సమర్పించిన వెండిమూర్తి భోగ శ్రీనివాసుడు కౌతుకబేరం. ఉగ్ర శ్రీనివాసుడు స్నపనబేరం. మలయప్పస్వామి ఉత్సవబేరం. నిత్యం కొలువులో పంచాంగ శ్రవణం, ఆదాయవ్యయాల నివేదన ఆలకించే కొలువు శ్రీనివాసుడు బలిబేరం.

ఉగ్ర శ్రీనివాసమూర్తికి వేంకటత్తురైవార్ అని మరొక పేరు కలదు. పూర్వం ఉత్సవమూర్తి ఈ స్వామియేనని సంప్రదాయం చెబుతున్నది. ఒక ఉత్సవ సమయంలో ఊరేగింపు సాగుతుండగా అగ్నిప్రమాదం సంభవించి ఇళ్ళు దగ్ధమైనవనీ, అప్పుడు స్వామి ఒక భక్తుని ఆవేశించి వేరొక మూర్తిని వెదకి తెచ్చి ఉత్సవాలు జరుపుకొమ్మని ఆదేశించాడనీ, ఆ విధంగా కొండకోనలో లభించిన మూర్తియే మలయప్పస్వామి అనీ పెద్దలు చెప్పుకొనే కథ. మలయప్పస్వామి ప్రస్తావన మొదటిసారిగా కనిపించేది సా.శ. 1339 నాటి శాసనంలో.

అప్పటినుండి ఉగ్ర శ్రీనివాసమూర్తి ఆనందనిలయంలోనే ఉండిపోయాడు. ఆ స్వామిపై సూర్యకిరణం పడరాదన్న నియమం నేటికీ పాటించబడుతున్నది. సంవత్సరానికి ఒకేసారి, కైశిక ద్వాదశినాడు, వేకువ చీకటిలో మాత్రమే ఆయన మాడవీధులలో దర్శనమిస్తాడు. కార్తికమాసపు కొండచలి, దివిటీల వెలుతురు, మంగళవాద్యాల ధ్వని, వేదపారాయణం – వీటి నడుమ సాగే ఆ ఊరేగింపును దర్శించినవారికి పగటి ఉత్సవాలలో కలిగే అనుభూతికంటె భిన్నమైన భావం కలుగుతుంది. పగటివేళ కన్ను ముందు నడచి చెవి వెనుక వస్తుంది. ఆ వేకువలో చెవి ముందు నడుస్తుంది. స్వామి ఇంకా మలుపు తిరగకముందే ఆయన రాక వినబడుతుంది.

కన్ను తగ్గి చెవి హెచ్చే చోటు

ఈ అనుభవం ఆ ఒక్క వేకువకే పరిమితమైనది కాదు. ఆలయ నిర్మాణంలోనే ఇది ఇమిడి ఉన్నది. మహాద్వారం, వెండివాకిలి, బంగారువాకిలి దాటి భక్తుడు లోనికి పోయేకొద్దీ ఆకాశం కనుమరుగవుతుంది, వెలుతురు తగ్గుతుంది. బంగారువాకిలి లోపల స్నపనమండపం, రాములవారి మేడ, శయనమండపం, ఆపైన కులశేఖరపడి, దాని ఆవల గర్భాలయం. అక్కడ నేతిదీపాల కాంతిలోనే స్వామి దర్శనమిస్తాడు. ఆకాశం విశాలమైన చోటునుండి గుండెవలె ఇరుకైన చోటికి సాగే ప్రయాణమిది.

ఎండలోనుండి చీకటింటికి వచ్చిన కంటికి వెంటనే ఏమీ కనిపించదు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇంచుమించు అరగంట పడుతుందని వైద్యశాస్త్రం చెబుతున్నది. గర్భాలయం ముందు నిలిచే భక్తునికి అంత వ్యవధి ఉండదు. దొరికేవి కొన్ని క్షణాలు. కాని చెవికి అట్టి అలవాటు అవసరం లేదు. రాతిగోడలు శబ్దాన్ని మింగవు, తిరిగి పంపుతవి. చదివిన మంత్రం చదివిన చోటనే ఆగిపోక ఆ గోడలమధ్య కొంతసేపు నిలుస్తుంది. ఒక మాట చివర మరొక మాట మొదలు కలసి, పలికేవారు ఎందరో, పలికేది ఎక్కడినుండో తెలియని ఒకే నాదంగా మారుతుంది. కంటికి స్వామి కొన్ని క్షణాలు మాత్రమే దక్కినా, ఆ నాదం బంగారువాకిలినుండి వెలుపలికి వచ్చేవరకు భక్తుని వెన్నంటి ఉంటుంది.

ఈ నాదానికి ప్రాణమైనది శ్రుతి. కీర్తన పాడేవారి వెనుక తంబురా మ్రోగుతూనే ఉంటుంది. దాని నాలుగు తంత్రులలో ఒకటి పంచమం, రెండు షడ్జాలు, నాలుగవది మంద్రషడ్జం. తంత్రులు ఆనుకొనే దిమ్మెపైన ఒక్కొక్క తంత్రి క్రింద సన్నని దారం ఉంచుతారు. దానిని 'జీవ' అంటారు. ఆ దారం సరిగ్గా కుదిరినప్పుడు మీటిన స్వరంతోపాటు మీటని స్వరాలు కూడ ఒక తుమ్మెద ఝుంకారంవలె పైకి లేస్తవి. నాగస్వరానికి ఒత్తు ఈ పనినే చేస్తుంది. ఒత్తు ఊదేవాడు రాగం పాడడు. ఎవరి మెప్పూ కోరడు. ఒకే స్వరాన్ని ఊపిరి తెగకుండ నిలుపుతాడు. వినేవారు అతనిని గమనించరు. కాని అతడు ఆపిన క్షణాన మేళమంతా వెలవెలపోతుంది. ఆలయంలో అనేక కైంకర్యాలు ఇట్టివే.

గంట

బంగారువాకిలికి వెలుపల ఉన్న తిరుమామణి మండపానికి ఘంటామండపమని పేరు. 'మణి' అనగా తమిళంలో గంట. స్వామికి నైవేద్యం సమర్పించే వేళ అక్కడి పెద్దగంటలు మ్రోగుతవి. నైవేద్యాలకు మొదటిగంట, రెండవగంట, రాత్రిగంట అని పేర్లు ఏర్పడటానికి ఇదియే కారణం. తెరవేసిన తరువాత లోపల జరిగేది ఎవరికీ కనబడదు. స్వామి ఆరగిస్తున్నాడని వెలుపల ఉన్నవారికి తెలిపేది గంట ఒక్కటే.

చంద్రగిరి కోటలోని రాజు తిరుమల గంట వినిన పిదపనే భోజనం చేసేవాడనీ, అందుకై కొండమీదినుండి కోటవరకు గంటలు వరుసగా ఏర్పరచి ఒకదాని ధ్వని విని మరొకటి మ్రోగించేవారనీ ఆ ప్రాంతంలో ఐతిహ్యం కలదు. కంటికి అందనంత దూరాన ఉన్న స్వామి ఆ రాజుకు చెవిద్వారా చేరువైనాడు.

శ్రీవైష్ణవ సంప్రదాయం గంటకు మరింత ఉన్నతస్థానం ఇచ్చినది. తోతారంబ అనే సాధ్వికి కలలో తిరుమల స్వామి గంట ప్రసాదంగా లభించినదనీ, ఆమె దానిని మ్రింగినదనీ, ఆ తరువాత జన్మించిన కుమారుడే శ్రీ వేదాంత దేశికులనీ గురుపరంపర చెబుతున్నది. సా.శ. 1268లో అవతరించి, 1369లో పరమపదించిన ఆ ఆచార్యులను ఘంటావతారులని కీర్తిస్తారు. శబ్దమే ఆచార్యరూపం ధరించినదని చెప్పటంకంటె నాదానికి వేరొక గౌరవం ఏముంటుంది?

దినం రెండు అంచులలో

తిరుమలలో దినం నాదంతో మొదలై నాదంతోనే ముగుస్తున్నది. రెండు వేళలూ చీకటి వేళలే కావటం గమనించదగినది.

వేకువన సన్నిధిగొల్ల దివిటీతో ముందు నడువగా అర్చకులు లోనికి ప్రవేశిస్తారు. బంగారువాకిలి ముందు వేదపండితులు సుప్రభాతం పఠిస్తారు. 15వ శతాబ్దిలో మణవాళ మహామునుల శిష్యులైన ప్రతివాది భయంకరం అణ్ణన్ స్వామి రచించిన ఈ కృతిలో సుప్రభాతం 29 శ్లోకాలు, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14. తాళ్ళపాక వంశీయుల మేల్కొలుపు పాట కూడ ఆ సేవలో భాగం. ధనుర్మాసంలో సుప్రభాతానికి బదులు గోదాదేవి అనుగ్రహించిన 30 తిరుప్పావై పాశురాలను విన్నవిస్తారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానం చేసిన సుప్రభాతం 1963లో రికార్డుగా వెలువడిన తరువాత ఆ వేకువ నాదం కొండ దిగి ఇంటింటికీ చేరినది.

రాత్రి చివర ఏకాంతసేవ. ఊయలమంచంపై భోగ శ్రీనివాసమూర్తిని శయనింపజేస్తారు. ధనుర్మాసంలో ఆ శయనం శ్రీకృష్ణమూర్తికి. అప్పుడు తాళ్ళపాక అన్నమాచార్యుల వంశీయులు లాలి పాడతారు. తరిగొండ వెంగమాంబ పేర ముత్యాలహారతి జరుగుతుంది. 'తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి' అన్న మాట తిరుమలలో తరతరాలుగా వాడుకలో ఉన్నది. అన్నమాచార్యులు (1408–1503) పదకవిగా సంకీర్తనలెన్నో స్వామికి సమర్పించినవారు. వెంగమాంబ (1730–1817) భర్త గతించిన తరువాత లోకాపవాదాన్ని సహించి కొండకు చేరిన తపస్విని. ఆ ఇరువురి సేవ నేడు ఒకే ఘడియలో, సందడి సద్దుమణిగిన తరువాత, తలుపులు మూయటానికి ముందు జరుగుతున్నది. జోలపాట ఎవరినైనా మెప్పించటానికి పాడేది కాదు. వినే బిడ్డ నిద్రపోవటమే దానికి లభించే బహుమతి.

నేటి శబ్దలోకంలో ఇదే దాహం

మనస్సును ముంచివేసే ఇట్టి నాదంకోసం ఆలయానికి వెలుపల ఉన్న లోకం కూడ వెదకుతున్నది. 1978లో ఇంగ్లండుకు చెందిన బ్రయన్ ఈనో 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' అనే కృతిని వెలువరించి, దానిని 'యాంబియెంట్' సంగీతమని పేర్కొన్నాడు. చుట్టూ ఉన్న గాలివలె వ్యాపించి ఉండే సంగీతమని దాని భావం. తరువాతి దశాబ్దంలో ఆ మార్గంలోనుండి 'డార్క్ యాంబియెంట్' అనే శాఖ రూపొందినది. అందులో పల్లవి, చరణం ఉండవు. తాళం దాదాపు వినిపించదు. మంద్రస్థాయిలో దీర్ఘంగా సాగే నాదం, గుహలోనో పాడుబడిన గుడిలోనో వినబడినట్టుండే ప్రతిధ్వని, దూరాన గంట, పేరు తెలియని జపం – ఇవి దానికి సామగ్రి. గదిలో దీపం ఆర్పి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని యువకులు దానిని గంటలతరబడి వింటారు. విన్నవారు ఏదో పూజలో కూర్చున్నట్టున్నదని చెబుతారు.

దీనిని పెద్దలు తేలికగా త్రోసివేయటం న్యాయం కాదు. పగలంతా వెలుగుతెరల ముందు అలసిన కన్ను చీకటిని కోరటం సహజం. వేయి మాటల రొదలో నలిగిన చెవి ఒకే స్వరంలో విశ్రాంతి పొందగోరటం సహజం. ఆలయశిల్పులు, ఆచార్యులు ఈ అవసరాన్ని ఏనాడో గుర్తించి గర్భాలయానికి చీకటిని, పాటకు శ్రుతిని, నైవేద్యానికి గంటను కూర్చారు. దాహం ఒకటే.

అయితే భేదం ఎక్కడ? ఆ సంగీతంలో పూజావాతావరణం ఉన్నది. పూజ అందుకొనేవాడు లేడు. చీకటి ఉన్నది, ఆ చీకటిలో ఎదురుచూచేవాడు లేడు. మనస్సు మునుగుతుంది, మునిగి పైకి వచ్చిన తరువాత తాను పొందినదానిని ఏమి చేయాలో ఎవరూ చెప్పరు. ఈ మూడవ మాటయే ముఖ్యమైనది. గుడిలో కలిగిన తన్మయత్వాన్ని కూడ తన సుఖంగా మాత్రమే భావించి ఇంటికి మోసుకొనిపోయే భక్తునికి, హెడ్‌ఫోన్లు తీసి నిద్రపోయే శ్రోతకు పెద్ద తేడా లేదు. పాటవలన కలిగినది ఎవరికి చెందాలి అన్న ప్రశ్నకు కైశిక పురాణం సమాధానమిస్తున్నది.

నంపాడువాన్ కథ

ఈ కథ వరాహపురాణంలోనిది. ఆదివరాహస్వామి భూదేవికి స్వయంగా చెప్పినది. తమిళదేశంలో మహేంద్రగిరి పాదాన ఉన్న తిరుక్కురుంగుడి దివ్యదేశం దీనికి రంగస్థలం. శ్రీరంగంలో పరాశర భట్టరు దీనికి వ్యాఖ్యానం రచించారు. కొండమీద పుష్కరిణీ తీరాన వరాహస్వామిని ముందుగా సేవించి పిదప శ్రీనివాసుని దర్శించే యాత్రికులకు, ఆ వరాహస్వామి నోట వెలువడిన ఈ కథ ప్రత్యేకంగా సొంతమైనది.

తిరుక్కురుంగుడి సమీపాన ఒక గాయకుడు ఉండేవాడు. సమాజం అంత్యకులమని పేరు పెట్టిన కుటుంబంలో జన్మించినవాడు. ఆలయద్వారం దాటే వీలు అతనికి లేదు. ఐనను అతడు ప్రతిరాత్రి వీణ చేతబట్టి కొండదారిన నడచివచ్చి, ఆలయానికి దూరాన నిలచి, తెల్లవారేవరకు స్వామిని కీర్తించి, పొద్దు పొడవకముందే మరలిపోయేవాడు. చూచేవారు లేరు; మెచ్చేవారు లేరు. వినేవాడు స్వామి ఒక్కడే. స్వామి అతనిని నంపాడువాన్ అన్నాడు – 'మన గాయకుడు' అని ఆ పేరుకు అర్థం.

కార్తిక శుద్ధ ఏకాదశి రాత్రి అతడు ఉపవాసదీక్షతో, జాగరణసంకల్పంతో బయలుదేరాడు. దారిలో ఒక బ్రహ్మరాక్షసుడు పట్టుకొన్నాడు. పదిదినాలుగా ఆహారం లేని ఆ రాక్షసుడు అతనిని భక్షించబోయాడు. నంపాడువాన్ ప్రాణభయంతో వేడుకొనలేదు. ఈ దేహం నీకు ఆహారమగుట నాకు సమ్మతమే. కాని నా వ్రతం సగంలో ఉన్నది. స్వామి సన్నిధిలో పాడి తిరిగి వచ్చేవరకు ఆగుమని మాత్రమే కోరాడు. రాక్షసుడు నవ్వాడు. మృత్యుముఖంనుండి వెళ్ళినవాడు ఎవడు తిరిగి వస్తాడన్నాడు. నంపాడువాన్ తిరిగి రానిచో తనకు ఏయే పాపాలు అంటునో చెబుతూ పదునెనిమిది శపథాలు చేశాడు. పదునేడింటికీ రాక్షసుడు కదలలేదు. నారాయణునితో సమానుడు వేరొకడున్నాడని భావించినవాని పాపం తనకు కలుగుగాక అన్న చివరి శపథానికి అతని పట్టు సడలినది.

నంపాడువాన్ ఆ రాత్రి సన్నిధిలో పాడాడు. అదే చివరి రాత్రి అని తెలిసి పాడాడు. ఎదుట ఉన్న ధ్వజస్తంభం అతనికి స్వామి దర్శనం కావటానికై ప్రక్కకు జరిగినదని ఆ క్షేత్రమాహాత్మ్యం చెబుతున్నది. వేకువ సమీపించినప్పుడు కైశికమనే రాగంలో చివరి పాట పాడి, స్వామికి నమస్కరించి, వచ్చిన దారినే తిరుగుముఖం పట్టాడు. స్వామి ఒక వృద్ధుని రూపంలో ఎదురై, ప్రాణరక్షణకై మాట తప్పినా దోషం లేదని నచ్చచెప్పి, వేరొక దారిని పొమ్మన్నాడు. నంపాడువాన్ ఒప్పుకొనలేదు. సత్యాన్ని విడిచి బ్రతికిన బ్రతుకుతో మళ్ళీ ఏ నోట స్వామిని పాడగలనని నడిచాడు.

తిరిగి వచ్చిన అతనిని చూచి రాక్షసుని ఆకలి మాయమైనది. నీవు పాడిన పాటల ఫలాన్ని నాకిమ్ము, నిన్ను విడిచిపెడతానన్నాడు. నంపాడువాన్ నిరాకరించాడు. నీకు ఇస్తానన్నది దేహమే; పాటఫలంతో దేహాన్ని కొనుక్కొనే బేరం నాకు వలదన్నాడు. అప్పుడు రాక్షసుడు బేరం మాని కాళ్ళపై పడ్డాడు. తాను పూర్వం సోమశర్మ అనే బ్రాహ్మణుడననీ, యజ్ఞాన్ని గర్వంతో, లోపంతో జరిపి మధ్యలోనే మరణించినందున ఈ జన్మ కలిగినదనీ చెప్పి, కరుణించమని శరణువేడాడు. రాత్రి అంతటి పాటల ఫలం కాకున్నా, ఒక్క పాట ఫలమైనా చాలునని ప్రాధేయపడ్డాడు. తన ప్రాణానికి వెలగా ఈయనన్నదానిని, శరణన్నవానికి నంపాడువాన్ వెల లేకుండానే ఇచ్చాడు. చివర పాడిన కైశికగీతం ఒక్కదాని ఫలం ధారపోయగానే రాక్షసరూపం తొలగిపోయినది. తెల్లవారినది.

మూడు బోధలు

కైశికమనే పాటవరుసను నేటి భైరవిరాగంతో పోల్చటం వాడుక. ఆ రాగాన్ని నేర్చినవారు ఎందరో ఉన్నారు. ఆ పాటకు ఉద్ధరించే శక్తి రాగంవల్ల మాత్రమే రాలేదు. కథలో మూడు మెట్లు కనిపిస్తవి.

మొదటిది, నంపాడువాన్ పాట చీకటిలో పాడినది. చీకటికోసం పాడినది కాదు. తనకు ఒక విధమైన భావావేశం కలగాలని అతడు రాత్రిని ఎంచుకొనలేదు. పగటివేళ ఆలయం అతనికి మూసినది. రాత్రి మాత్రం ఎవరినీ తోసివేయలేదు. లోకం అతనికి విధించిన ఎడబాటును స్వామి ఏకాంతంగా మార్చాడు. నేడు కైశిక ద్వాదశినాడు స్వామి కూడ ఆ చీకటివేళలోనే వీధులకు వస్తున్నాడు. గుడిలోనికి రాలేనివాడు నడచిన ఘడియలో గుడిలోని స్వామి బయటికి రావటం – ఈ రెండింటినీ కలిపి భావించే భక్తుని కన్ను చెమర్చక మానదు.

రెండవది, పాటకు సత్యం శ్రుతి. తిరిగి రాకుంటే ఆ రాత్రి పాట ఎంత మధురమైనదైనా అపశ్రుతియే అయ్యేది. తంబురాలో తంత్రి ఇసుమంత జారినా రాగం చెడుతుంది. పలికిన మాట జారితే భక్తి చెడుతుంది. అతడు రాక్షసునికి ఇచ్చిన మాట నిలిపినప్పుడే పాట పూర్తయినది. భజన ముగిసి మందిరం వెలుపలికి వచ్చిన తరువాత అప్పువానికి, పనివానికి, పొరుగువానికి ఇచ్చిన మాటలో భక్తుని శ్రుతి బయటపడుతుంది.

మూడవది, పాటఫలం దాచుకొనేది కాదు. కొనుగోలుకు అతడు ఇవ్వలేదు. శరణాగతికి ఇవ్వక ఉండలేదు. పైగా అది తీసుకొన్నవాడు కొద్దిగంటల క్రితం తనను తినబోయినవాడు. తీసుకొన్నవాడు అగ్రకులజుడు, ఇచ్చినవాడు గుడి మెట్టు ఎక్కలేనివాడు. యజ్ఞం చేయించినవాని లోపాన్ని గుడి వెలుపల పాడినవాని పాట పూరించినది. కులగర్వానికి ఇంతకంటె సూటియైన సమాధానం పురాణాలలో అరుదు. శ్రీరంగంలో లోకసారంగముని భుజాలపై ఎక్కి సన్నిధి చేరిన తిరుప్పాణాళ్వారు కథ కూడ ఈ కోవకు చెందినదే. ఈ కథను ఏటేటా ఆస్థానంలో వినే సమాజం తన వాకిట ఎవరిని నిలబెడుతున్నదో ఏటేటా పరీక్షించుకొనవలసి ఉన్నది.

యాత్రికులకు, గృహస్థులకు

ఈ బోధ కొండకు వచ్చినవారికి మాత్రమే కాదు. తడ చేరువ శ్రీసిటీ కర్మాగారాలలో రాత్రిపని ముగించి, వేకువ బస్సులలో ఇంటికి చేరే శ్రామికులు వేలమంది ఉన్నారు. ఆస్పత్రులలో రోగుల సరసన మేలుకొని ఉండేవారు, పొలానికి నీరు పెట్టటానికి అర్ధరాత్రి లేచేవారు ఉన్నారు. వారందరికీ చీకటి వేళ తెలిసినదే. సుప్రభాతసేవ టికెట్టు దొరకనివారికీ సుప్రభాత సమయం దొరుకుతుంది.

కార్తిక శుద్ధ ఏకాదశినాడు శక్తికొలది ఉపవాసముండి, మరునాడు తెల్లవారకముందే లేచి, విద్యుద్దీపాలు వెలిగించక, దేవుని ఎదుట ఒకే నేతిదీపం వెలిగించి కొంతసేపు మౌనంగా కూర్చొనవలె. కన్ను దీపానికి కుదురుకొనేవరకు ఏమీ పలుకరాదు. తంబురా లేకున్నా శ్రుతిపెట్టె, అదీ లేకున్నా ఇంట్లో ఒకరు సన్నని గొంతుతో పట్టిన ఒకే స్వరం చాలును. దానిపై ఒక్క సంకీర్తన, లేక ఒక్క పాశురం నింపాదిగా పాడవలె. పది పాటలకంటె ఒక్క పాట మేలు. గొంతు బాగుండలేదని జంకనక్కరలేదు. జోల పాడే తల్లి గొంతును ఏ బిడ్డా తప్పుపట్టలేదు. లౌడ్‌స్పీకర్లు పెట్టి వాడనంతా లేపటం ఈ వ్రతానికి తగదు. నిద్రించే పొరుగువాని నిద్రను కాపాడటం కూడ నాదోపాసనలో భాగమే.

పాట ముగిసిన తరువాత చేయవలసినదే ముఖ్యమైనది. ఆ పాటఫలం ఒకరికి ధారపోయవలె. రోగికి, దూరాన ఉన్న బిడ్డకు, గతించిన పెద్దలకు ఇవ్వవచ్చును. నంపాడువాన్ అడుగుజాడలలో నడువగోరేవారు ఇంకొక మెట్టెక్కి, తమకు కీడు తలపెట్టినవాని పేరు చెప్పి ఇవ్వవలె. అది కష్టం. ఆ కష్టంలోనే కైశిక ద్వాదశి ఉన్నది. ఇంట్లోని యువకులు హెడ్‌ఫోన్లలో వినే చీకటి సంగీతాన్ని నిందించటంకంటె, వారిని ఆ వేకువన ప్రక్కన కూర్చోబెట్టుకొని, ఈ ఒక్క అలవాటు నేర్పటం మేలు. వినటం వారికి వచ్చును. ఇవ్వటం నేర్పవలసి ఉన్నది.

కొండకు వచ్చిన యాత్రికులు బంగారువాకిలి దాటినప్పటినుండి మాటలు కట్టిపెట్టి చెవి నిలుపవలె. దర్శనం దొరికేది కొన్ని క్షణాలే అని చింతించేవారు, ఆ క్షణాలకు ముందు, వెనుక వినబడే మంత్రనాదం కూడ దర్శనంలో భాగమే అని గ్రహించవలె. లోపల త్రోపులాటలో ముందున్న వృద్ధునికి దారి ఇచ్చిన భక్తుడు, తనకు దక్కవలసిన ఒక క్షణాన్ని ధారపోసినవాడే.

ఉగ్ర శ్రీనివాసుడు వేకువ చీకటిలో వచ్చి, వెలుగు రాకముందే లోనికి వేంచేస్తాడు. ఆయన వెళ్ళిన తరువాత వీధిలో తెల్లవారుతుంది. పాడిన పాట తనవద్ద ఉంచుకొనక ఇచ్చివేసిన చోట నంపాడువానుకు తెల్లవారినది. అట్టి తెల్లవారుట ప్రతిగృహంలోను కలుగునట్లు శ్రీనివాసుడు అనుగ్రహించుగాక.